కొత్త అంటే సరిపోదు, నంబరు అడగండి

మా వైపు కొత్తచెరువు అనే ఊరుంది. ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి ఊళ్ల నడుమ ఉన్న మండల కేంద్రం. పుట్టపర్తికి రైల్లో వచ్చేవాళ్లు దిగే ప్రశాంతి నిలయం స్టేషను దీనికి దగ్గరే. ఆ పేరు పుట్టిన రోజున చెరువు కొత్తదే అయ్యుంటుంది. ఇవాళ ఆ పేరు వినేవాళ్లకు అది ఎప్పటి కొత్తో తెలియదు. ఎన్ని తరాలు గడిచినా పేరు మాత్రం కొత్తగానే ఉంటుంది.

కంప్యూటర్ల దగ్గరా ఇదే మాట వింటుంటాం. ‘మా దగ్గర కొత్త సాఫ్ట్‌వేరే ఉంది’, ‘మొన్ననే లేటెస్ట్ వేయించాం’ అంటారు. ఆ మొన్న ఎప్పుడు? ఆ లేటెస్ట్ ఏ నంబరు? కొట్టు లెక్కలు, ఆసుపత్రి చీటీలు, బడిపిల్లల మార్కులు, గ్రంథాలయం పుస్తకాల జాబితా, అన్నీ ఇప్పుడు ఏదో ఒక డేటాబేస్‌లోనే ఉంటున్నాయి. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం పెట్టకపోవడం వల్ల రోజుల తరబడి ఇబ్బందిపడేవాళ్లు ఎందరో. కంప్యూటర్ చదువు లేనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఆ ఒక్క నిమిషం పని గురించి ఇక్కడ చెబుతాను.

పుస్తకం వేరు, గుమాస్తా వేరు

ముందు ఒక తేడా తెలియాలి. డేటాబేస్ అంటే లెక్కల పుస్తకం. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అంటే ఆ పుస్తకాన్ని రాసే, వెతికే, భద్రపరిచే గుమాస్తా. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనేవన్నీ గుమాస్తాల పేర్లు. వెర్షన్ అంటే ఆ గుమాస్తా ఎంతవరకు చదువుకున్నాడన్న లెక్క. పుస్తకంలో ఉన్న రాత మారడం ఒక సంగతి, గుమాస్తా మారడం ఇంకో సంగతి.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. తెలుగు వికీపీడియాలో కొత్తచెరువు గురించి వ్యాసం ఉంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మండలం కొత్త జిల్లాలోకి వచ్చింది. వ్యాసంలో జిల్లా పేరును మార్చాల్సి వచ్చింది. అది పుస్తకంలో రాత మారడం. దానికోసం సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చనక్కర్లేదు.

దీనికి తలకిందులైన సంగతి అంతకు ముందే జరిగింది. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ 2013లో తన డేటాబేస్‌లను మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి మార్చడం మొదలుపెట్టింది. కోట్ల పేజీలున్న పుస్తకానికి గుమాస్తానే మార్చేశారు. అయినా చదివేవాళ్లకు ఒక్క అక్షరం తేడా కనిపించలేదు. ఏ సర్వరులో ఏ వెర్షన్ ఉందో, ఏ వెర్షన్‌కు మారితే ఏం జరుగుతుందో ముందే లెక్క చూసుకుని, ఒక్కొక్క సర్వరునే మార్చుకుంటూ వెళ్లడమే అందుకు కారణం.

ఆ లెక్కను మీరూ చూడొచ్చు. తెలుగు వికీపీడియాలో ‘ప్రత్యేక పేజీలు’ అనే జాబితా ఉంటుంది. అందులో వెర్షన్ పేజీని తెరిస్తే, అక్కడ స్థాపించిన సాఫ్ట్‌వేర్ల పట్టిక వస్తుంది. మీడియావికీ ఏ నంబరు, పీహెచ్‌పీ ఏ నంబరు, మరియాడీబీ ఏ నంబరు అన్నది వరసగా ఉంటుంది. కొత్తచెరువు బస్టాండులో నిలబడి ఫోనులో ఆ పేజీ తెరిచినవాళ్లకు, తమ ఊరి వ్యాసాన్ని ఏ గుమాస్తా భద్రపరుస్తున్నాడో అరనిమిషంలో తెలిసిపోతుంది. అంత పెద్ద సంస్థ అంత తేలిగ్గా చెప్పగలిగినదాన్ని, మన కొట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ గురించి మనం చెప్పలేకపోకూడదు.

నంబరును చదవడం

వెర్షన్ నంబరు చూడగానే చాలామంది దాన్ని మామూలు దశాంశ సంఖ్యలా చదువుతారు. అది పొరపాటు. 5.10 కంటే 5.9 పెద్దది అనుకుంటారు. ఇక్కడ చుక్క దశాంశ బిందువు కాదు, ఇంటి నంబర్లలో గీతలాంటిది. తొమ్మిది తర్వాత పది వస్తుంది కాబట్టి 5.10 అన్నదే తర్వాతిది.

మొదటి భాగం పెద్ద మార్పును చెబుతుంది, చివరి భాగం చిన్న మరమ్మతును చెబుతుంది. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ 16.4 అంటే 16 అనే పెద్ద వెర్షన్, అందులో నాలుగో మరమ్మతు. 16.3 నుంచి 16.4కు వెళ్లడం తేలిక. ప్రోగ్రాము మార్చి, సర్వరును ఆపి మళ్లీ నడిపితే చాలు. 15 నుంచి 16కు వెళ్లాలంటే మాత్రం డేటాను కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి. అందుకు వేరే పనిముట్టు, వేరే సమయం, ముందుగా బ్యాకప్ (డేటాకు విడిగా దాచిన నకలు) కావాలి. 2017లో వచ్చిన 10 నుంచే పోస్ట్‌గ్రెస్‌లో ఈ లెక్క. అంతకుముందు మొదటి రెండు భాగాలు కలిస్తేనే పెద్ద వెర్షన్. 9.5 నుంచి 9.6కు మారడం కూడా పెద్ద మార్పే. ఒకే సాఫ్ట్‌వేర్‌లో కూడా నంబరు చదివే పద్ధతి కాలాన్ని బట్టి మారిందన్నమాట.

మైఎస్‌క్యూఎల్ కథ ఇంకోలా ఉంటుంది. 2015లో 5.7 వచ్చింది. 2018లో వచ్చిన తర్వాతి వెర్షన్ నంబరు 8.0. నడుమ 6, 7 నంబర్లతో జనం వాడుకునే మామూలు సర్వరు విడుదల ఏదీ లేదు. 5.7 నుంచి 8కి చాలా మెట్లు ఎక్కాలేమోనని భయపడనక్కర్లేదు, ఉన్నది ఒక్క మెట్టే. కానీ ఎక్కాక దిగడానికి దారి లేదు. 8.0కు మార్చిన డేటాను అదే చోట తిరిగి 5.7కు దించే పద్ధతే లేదు. పాత బ్యాకప్ ఉంటేనే వెనక్కి వెళ్లగలం.

ఒరాకిల్ వాళ్లు అంకెల పక్కన అక్షరాలు పెట్టారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసినవాళ్లకు 8ఐ, 9ఐ, 10జీ, 11జీ, 12సీ, 19సీ అన్నవి బాగా తెలుసు. ఐ అంటే ఇంటర్నెట్, జీ అంటే గ్రిడ్, సీ అంటే క్లౌడ్. తర్వాత వచ్చిన 23కి కృత్రిమ మేధను సూచించే ఏఐ చేరింది. అక్షరం ఆ కాలపు మోజును చెబుతుంది, వెర్షన్‌ను చెప్పేది అంకె.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరుకు రెండు లెక్కలున్నాయి. బయటి పేరులో సంవత్సరం, లోపల వేరే అంకె. 2016 అన్నది లోపల 13, 2017 అన్నది 14, 2019 అన్నది 15, 2022 అన్నది 16. ఎవరైనా ‘మాది 15’ అంటే అది 2015లో వచ్చిందనుకోకండి.

అట్టపెట్టె మీద ఒక పేరు, లోపల ఇంకో సరుకు

ధర్మవరంలో పట్టుచీర కొనేవాళ్లు అట్టపెట్టె మీది పేరు చూసి డబ్బు చేతిలో పెట్టరు. మడత విప్పి, కొంగు చూసి, అంచు పట్టుకుని చూస్తారు. డేటాబేస్ విషయంలోనూ మడత విప్పక తప్పదు. దీనికి ప్రతి డిగ్రీ కాలేజీ ల్యాబులో కనిపించే ఉదాహరణ ఎక్సాంప్.

బీసీఏ, బీటెక్ విద్యార్థులు ప్రాజెక్టు చేయడానికి తమ ల్యాప్‌టాపులో వేసుకునే సాఫ్ట్‌వేర్ల మూట ఇది. దాని కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే అపాచీ కింద ‘మైఎస్‌క్యూఎల్’ అని ఉంటుంది. పక్కన స్టార్ట్ బటన్. విద్యార్థి దాన్ని నొక్కి, ప్రాజెక్టు రిపోర్టులో ‘డేటాబేస్: మైఎస్‌క్యూఎల్’ అని రాస్తాడు. కానీ 2015 నుంచి ఎక్సాంప్‌లో వస్తున్నది మరియాడీబీ. బోర్డు మాత్రం పాతదే మిగిలింది. ఎక్సాంప్ 8.2.12 అనే వెర్షన్‌లో ఉన్నది మరియాడీబీ 10.4.32. అక్కడ 8.2 అన్నది పీహెచ్‌పీ నంబరు. అది చూసి డేటాబేస్ కూడా 8 అనుకుంటే ఒకే చోట రెండు పొరపాట్లు, పేరూ తప్పే, నంబరూ తప్పే.

ఈ రెండూ అన్నదమ్ముల బిడ్డల్లాంటివి. మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసినవాళ్లలో ఒకరైన మాంటీ విడేనియస్, ఆ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ చేతికి వెళ్తున్న రోజుల్లో 2009లో దాని నుంచి మరియాడీబీని చీల్చారు. మొదటిదానికి పెద్ద కూతురు మై పేరు, రెండోదానికి చిన్న కూతురు మరియా పేరు పెట్టుకున్నారు. 5.5 దాకా ఇద్దరి నంబర్లూ కలిసి నడిచాయి. తర్వాత మరియాడీబీ 10.0కు వెళ్లింది, మైఎస్‌క్యూఎల్ 5.6, 5.7, 8.0 దారి పట్టింది. అందువల్ల మరియాడీబీ 10, మైఎస్‌క్యూఎల్ 8 కంటే కొత్తదా పాతదా అని అడగడంలో అర్థం లేదు. పేరూ నంబరూ జంటగా చెబితేనే జవాబు పూర్తవుతుంది.

అడిగే పద్ధతి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. డేటాబేస్ కూడా అంతే, అడిగితే వెంటనే చెబుతుంది. అడగాల్సింది దానిని నడిపేవాళ్లనో, బిల్లునో, మన జ్ఞాపకాన్నో కాదు. నడుస్తున్న సర్వరునే అడగాలి.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ మూడింటికీ ప్రశ్న ఒకటే. ఆదేశాలు రాసే చోటికి వెళ్లి, ‘సెలెక్ట్’ అని రాసి, ఒక ఖాళీ వదిలి, ‘వెర్షన్’ అని రాయాలి. దానికి ఆనుకుని ఒక బ్రాకెట్ తెరిచి వెంటనే మూయాలి, లోపల ఏమీ రాయకూడదు. చివర సెమీకోలన్ పెట్టి ఎంటర్ నొక్కాలి. మాటలు రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలన్నది మీకు తెలిసిందే. ఇక జవాబు చూడండి. వట్టి 8.0.36 లాంటి నంబరు వస్తే అది మైఎస్‌క్యూఎల్ అయ్యే అవకాశం ఎక్కువ. నంబరు పక్కన గీత పెట్టి మరియాడీబీ అని ఉంటే అది మరియాడీబీ. పోస్ట్‌గ్రెస్ అయితే తన పేరుతో మొదలుపెట్టి, నంబరు, ఏ రకం యంత్రం, ఏ కంపైలరుతో తయారైంది అన్నవన్నీ ఒకే వాక్యంలో చెబుతుంది.

నల్లతెర అంటే బెరుకు ఉన్నవాళ్లు పీహెచ్‌పీమైఅడ్మిన్ వాడుతుంటారు. దాని మొదటి పేజీలో కుడివైపు ‘డేటాబేస్ సర్వర్’ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో సర్వరు రకం, సర్వరు వెర్షన్ అనే రెండు వరుసలున్నాయి. ఎక్సాంప్ వేసుకున్న విద్యార్థులు ఒక్కసారి ఆ రెండు వరుసలు చదివితే, ప్యానెల్ మీది పేరు ఎంతవరకు నిజమో తేలిపోతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వరులో ‘సెలెక్ట్’ రాసి, ఖాళీ వదిలి, ఈమెయిల్‌లో వాడే ‘ఎట్’ గుర్తును రెండుసార్లు కొట్టి, దానికి ఆనుకుని ‘వెర్షన్’ రాయాలి. వచ్చే జవాబులో సంవత్సరం, లోపలి అంకె, ఏ ఎడిషన్ అన్నవి కూడా ఉంటాయి. ఒరాకిల్‌లో వెర్షన్ వివరాలకు విడిగా ఒక చిన్న పట్టికలాంటిదే ఉంటుంది. వీ అక్షరం, డాలర్ గుర్తు, వెర్షన్ అనే మాట కలిపితే దాని పేరు. అందులోని వరుసలన్నీ చూపమంటే చాలు.

ఇక మీ జేబులోనే ఉన్న డేటాబేస్ ఒకటుంది. దాని పేరు ఎస్‌క్యూలైట్. ఆండ్రాయిడ్ ఫోనుల్లో కాంటాక్టుల దగ్గర్నుంచి ఎన్నో యాప్‌ల సమాచారం దీనిలోనే దాగుంటుంది. దీనికి విడిగా సర్వరు ఉండదు, ప్రతి యాప్ దాన్ని తనలోనే కలుపుకుని వాడుకుంటుంది. కొన్ని యాప్‌లు ఫోనుతో వచ్చినదాన్ని వాడతాయి, కొన్ని తమ సొంత కాపీని వెంట తెచ్చుకుంటాయి. కాబట్టి ఒకే ఫోనులో ఒకే సమయంలో రెండు మూడు వెర్షన్లు ఉండొచ్చు. ‘ఈ ఫోనులో ఏ ఎస్‌క్యూలైట్ ఉంది’ అనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు, ఏ యాప్‌లో అని కూడా అడగాలి.

జవాబు చెప్పింది ఎవరు?

అడగడం తేలికే. జవాబు చెప్పింది ఎవరో గమనించడం దగ్గరే చాలామంది జారిపోతారు.

బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ ఖాతాదారుడి వయసు తెలుసుకుని, లోపలున్న మేనేజరు వయసు తెలిసిందనుకుంటే ఎలా ఉంటుంది? కమాండ్ లైనులో మైఎస్‌క్యూఎల్ అని రాసి, రెండు గీతలు పెట్టి వెర్షన్ అని అడిగితే, తన నంబరు చెప్పేది క్లయింటు ప్రోగ్రాము. అంటే బయట నిలబడి ప్రశ్నలు అడిగేవాడు. లోపల పని చేసే సర్వరు వేరే వెర్షన్ కావచ్చు, వేరే కంప్యూటర్లో కూడా ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ క్లయింటు ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. తన నంబరూ సర్వరు నంబరూ వేరయితే తెరవగానే రెండూ పక్కపక్కన చూపిస్తుంది.

రెండో చిక్కు ఇది. డిస్కులో ఉన్న ప్రోగ్రాము వేరు, మెమొరీలో నడుస్తున్నది వేరు. కొత్త ప్యాకేజీ వేసి సర్వరును ఆపి మళ్లీ నడపకపోతే, పాతదే పని చేస్తూ ఉంటుంది. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా కొత్త నంబరే చూపిస్తుంది. సెలెక్ట్ వెర్షన్ అని అడిగితే మాత్రం నడుస్తున్న నంబరు వస్తుంది. నమ్మాల్సింది దాన్నే.

మూడోది, ఒకే యంత్రంలో ఇద్దరు గుమాస్తాలు. పాత పోస్ట్‌గ్రెస్ 12 ఒక పోర్టులో (సర్వరును చేరే నంబరు వేసిన ద్వారంలో), కొత్త 16 ఇంకో పోర్టులో నడుస్తుండొచ్చు. అప్లికేషన్ ఏ పోర్టుకు వెళ్తోందో చూసి, అక్కడే అడగాలి.

నాలుగోది మరియాడీబీ 10 వాడేవాళ్లను తికమక పెట్టేది. కొన్ని పనిముట్లలో దాని వెర్షన్ 5.5.5 అని మొదలై, గీత తర్వాత అసలు నంబరు కనిపిస్తుంది. మొదటి ముక్క చూసి ‘ఇంత పాతదా’ అని హడలిపోతారు. దీనికో కారణముంది. డేటాను ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు నకలు చేసే పాత మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రాములు వెర్షన్‌లో మొదటి అంకె ఒక్కటే చూసేవి. 10 కనిపిస్తే దాన్ని ఒకటో వెర్షన్ అనుకుని మొరాయించేవి. వాటిని ఒప్పించడానికే ముందు ఆ 5.5.5 తగిలించారు. అసలు నంబరు గీత తర్వాతిదే.

సర్వరే చెడిపోయి, చేతిలో బ్యాకప్ ఫైలు ఒక్కటే మిగిలితే? అప్పుడు కూడా దారుంది. మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి మొదటి వరుసలు చూడండి. ‘మైఎస్‌క్యూఎల్ డంప్ 10.13’ అని మొదలవుతుంది. ఆ 10.13 బ్యాకప్ తీసే పనిముట్టు సొంత నంబరు, డేటాబేస్‌ది కాదు. కొంచెం కిందికి వస్తే ‘సర్వర్ వెర్షన్’ అనే వరుస ఉంటుంది. అక్కడున్నదే మనకు కావాల్సింది. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్‌లోనూ ఏ వెర్షన్ సర్వరు నుంచి తీశారు, ఏ వెర్షన్ పనిముట్టుతో తీశారు అన్నవి మొదట్లోనే విడివిడిగా రాసి ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డరులో పెద్ద వెర్షన్ నంబరు ఒక్కటే రాసిన చిన్న ఫైలు కూడా ఒకటి ఉంటుంది.

తెలుగు అక్షరానికి దీనితో పనేమిటి?

మనకు అన్నిటికంటే దగ్గరగా తగిలే సంగతి ఇదే. ‘కొత్తచెరువు’ అని రాసి చూడండి. చదివేటప్పుడు కొ, త్త, చె, రు, వు అని అయిదు అక్షరాలు. కంప్యూటర్లు లిపులను గుర్తించే యూనికోడ్ లెక్కలో ఇవి పదకొండు గుర్తులు. క, ఒత్వం, త, పొల్లు, మళ్లీ త, చ, ఎత్వం, ర, కొమ్ము, వ, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. అంటే ఈ ఊరి పేరు డేటాబేస్‌లో 33 బైట్ల చోటు తీసుకుంటుంది.

మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా, ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రతి కొత్త డేటాబేస్‌నూ లాటిన్-1 అనే పడమటి లిపుల పద్ధతిలోనే తయారుచేసేది. అందులో తెలుగుకు చోటే లేదు. అలాంటి చోట కొత్తచెరువు అని రాసి భద్రపరిస్తే, తనిఖీ కఠినంగా పెట్టిన సర్వరు ‘ఇది చెల్లదు’ అని తిప్పికొట్టేది. అలా పెట్టనిది నోరు మూసుకుని తీసుకుని, పదకొండు ప్రశ్నార్థకాలుగా దాచేది. రెండోదే ప్రమాదం. తెరమీద ప్రశ్నార్థకాలు కనిపించేసరికి అసలు అక్షరాలు మిగిలి ఉండవు. ఏ ఫాంటు మార్చినా అవి తిరిగిరావు.

8.0 నుంచి పద్ధతి మారింది. ఏమీ చెప్పకపోయినా యూటీఎఫ్8ఎంబీ4 అనే పూర్తి యూనికోడ్ పద్ధతినే తీసుకుంటుంది. తెలుగు పేర్లు, ఎమోజీలు అన్నీ ఇముడుతాయి. తెలుగులో ప్రాజెక్టు చేసే విద్యార్థి ‘నాది మైఎస్‌క్యూఎల్’ అంటే నాకేమీ అర్థం కాదు. 5.7 అంటే ముందు అక్షరాల అమరిక చూసుకోమంటాను. 8.0 అంటే కొంత నిశ్చింతగా ఉండమంటాను.

అయితే 8.0లో తీసిన బ్యాకప్‌ను 5.7లోకో పాత మరియాడీబీలోకో ఎక్కించబోతే, ‘ఈ వరుసక్రమం నాకు తెలియదు’ అనే అర్థంలో 1273 నంబరు తప్పు వస్తుంది. 8.0 కొత్తగా తెచ్చిన అకారాది పద్ధతి పేరు పాతదానికి తెలియకపోవడమే కారణం. కాలేజీ ల్యాబులో చేసిన ప్రాజెక్టు ఇంట్లో ఎక్సాంప్‌లో తెరుచుకోక రాత్రంతా కూర్చునే పిల్లలకు, రెండు చోట్లా వెర్షన్ అడిగి చూస్తే సంగతి ముందే తెలిసేది.

వరుసక్రమంలో ఇంకా లోతు ఉంది. దంత్య చ, జలను రాసే ౘ, ౙ అక్షరాలు 2008లో యూనికోడ్ 5.1తో వచ్చాయి. నకారపొల్లుకు సొంత స్థానం 2021లో యూనికోడ్ 14తో దొరికింది. మైఎస్‌క్యూఎల్ 8.0 అకారాది క్రమం 2016 నాటి యూనికోడ్ 9 మీద ఆధారపడింది. అంతకు ముందు వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి యూనికోడ్ 4 నాటిది. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ ఒక అక్షరాన్ని క్షేమంగా దాచగలిగినా, నిఘంటువులో దాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియకపోవచ్చు. తెలుగు నిఘంటువో, ఓటర్ల జాబితాలాంటి పెద్ద పేర్ల పట్టికో తయారుచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తెలియకుండా ఉన్న గుమాస్తా

వెర్షన్ తెలియకపోతే ఏమవుతుందో ప్రపంచం 2003 జనవరి 25న చూసింది. ఆ రోజు స్లామర్ అనే వార్మ్ (ఒక యంత్రం నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే చెడ్డ ప్రోగ్రాము) ఇంటర్నెట్‌లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో ఉన్న ఒక లోపం దాని దారి. దాని మొత్తం పరిమాణం 376 బైట్లు. కొత్తచెరువు అనే పేరును పదకొండుసార్లు రాస్తే 363 బైట్లు అవుతుంది. ఇంచుమించు అంతే. అంత చిన్న రాత, మొదట్లో ఎనిమిదిన్నర సెకండ్లకోసారి రెట్టింపవుతూ, లోపం ఉన్న యంత్రాల్లో ఎక్కువ భాగాన్ని పది నిమిషాల్లో పట్టుకుంది. కనీసం 75,000 యంత్రాలు దాని బారిన పడ్డాయి. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది, అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు ఆగాయి.

మనం నేర్చుకోవాల్సింది దీని వెనకున్న విషయం. ఆ లోపానికి మందు ఆరు నెలల ముందే, 2002 జూలైలోనే వచ్చింది. వేసుకోనివాళ్లలో నిర్లక్ష్యం చేసినవాళ్లు కొందరైతే, తమ దగ్గర ఆ డేటాబేస్ ఉందనే తెలియనివాళ్లు ఇంకొందరు. ఎస్‌క్యూఎల్ సర్వరు చిన్న రూపం ఒకటి వేరే సాఫ్ట్‌వేర్లతో కలిసి, చెప్పకుండానే కంప్యూటర్లోకి వచ్చి కూర్చునేది. ఉందని తెలియనిదాని వెర్షన్‌ను ఎవరు అడుగుతారు?

మన కొట్లలో, ఆఫీసుల్లో ఇవాళ్టికీ ఇదే పరిస్థితి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటాం, దాని కింద డేటాబేస్ ఒకటి వస్తుంది. దాని పేరు అడగం. ప్రతి వెర్షన్‌కూ ఒక గడువు ఉంటుంది. గడువు దాటాక లోపాలు బయటపడినా మరమ్మతులు రావు. మైఎస్‌క్యూఎల్ 5.7కు 2023 అక్టోబరుతో గడువు ముగిసింది, 8.0కు పెట్టిన గడువు 2026 ఏప్రిల్. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ అయిదేళ్లు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014కు 2024 జూలైతో ముగిసింది. నంబరు తెలిస్తేనే గడువు తెలుస్తుంది. గడువు దాటిన సంగతి దొంగలు పడ్డ తర్వాత తెలుసుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

రాయి మీద రాసినట్టు రాసిపెట్టండి

కడప వైపు పోరుమామిళ్లలో పెద్ద చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. 1369 నాటి శాసనం అక్కడ నిలబడి ఉంది. రోజుకు వెయ్యిమంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో చెక్కారు. కట్ట కొలతలు రాశారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, చెరువును చెరిచే ఆరు దోషాలేమిటో కూడా రాశారు. ఆ కట్టను తర్వాత చూసుకునేవాడు ఎవరో, ఎప్పుడు వస్తాడో రాసినవాళ్లకు తెలియదు. తెలియదు కాబట్టే రాశారు. ఆ చెరువు ఎప్పటిదని ఇవాళ ఎవరూ ఊహించనక్కర్లేదు.

కొత్తచెరువు, పోరుమామిళ్ల రెండూ చెరువులను నమ్ముకుని బతికిన సీమ ఊళ్లే. ఒకటి తన పేరులో ‘కొత్త’ అని మాత్రం చెప్పింది. రెండోది తన వివరాలను రాయి మీద చెప్పింది. మన కంప్యూటర్ రెండోదానిలా ఉండాలన్నదే నా కోరిక.

దానికి రాయి అక్కర్లేదు, లెక్కల పుస్తకం మొదటి పేజీ చాలు. అయిదు విషయాలు రాయండి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పేరు. సర్వరే చెప్పిన పూర్తి వెర్షన్ నంబరు, చుక్కలతో సహా. అడిగిన తేదీ. అది ఏ కంప్యూటర్లో, ఏ పోర్టులో నడుస్తోందో. చివరిగా బ్యాకప్ తీసిన తేదీ. సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ పాత వరుసను కొట్టేయకుండా కింద కొత్త వరుస రాయండి. అది మీ డేటాబేస్ చరిత్ర అవుతుంది. సాయం కోసం బెంగళూరులో ఉన్న మేనల్లుడికో, ధర్మవరంలో ఉన్న కంప్యూటర్ మెకానిక్‌కో ఫోను చేసినప్పుడు వాళ్లు మొదట అడిగేది ఈ వివరాలే. ఆ పేజీ ముందుంటే సగం పని ఫోనులోనే అయిపోతుంది.

మూడు నెలలకోసారి ఆ పుస్తకం తెరిచి, సర్వరును మళ్లీ అడిగి, రాసిన నంబరూ చెప్పిన నంబరూ ఒకటేనా అని సరిచూడండి. ఎవరైనా వచ్చి ‘అంతా కొత్తదే వేశాను సార్’ అని లేవబోతే, కాసేపు కూర్చోబెట్టి, వాళ్ల ఎదుటే సర్వరును అడిగించి, తెరమీద వచ్చిన నంబరును మీ చేత్తో రాసుకున్నాకే డబ్బు ఇవ్వండి.